లైన్ మీద నిలబడే నాయకుడు

ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి కంపెనీ అంటే ఎవరు? ఛైర్మన్ ఫొటో రిసెప్షన్ గోడ మీద ఉంటుంది. ప్లాంట్ హెడ్ ఆగస్టు 15న జెండా ఎగరేసేటప్పుడు కనిపిస్తాడు. రోజూ ఎనిమిది గంటలూ ఎదురుగా ఉండేది మాత్రం సూపర్‌వైజరే. సెలవు అడగాల్సింది ఆయన్నే. మిషన్‌లో ఏదో తేడా శబ్దం వస్తోందని చెప్పుకోవాల్సింది ఆయనకే. తిట్టు పడినా మెప్పు దక్కినా ఆయన నోటి నుంచే. ఉత్పత్తి రంగంలో నాయకత్వం గురించి నూరేళ్లుగా సాగిన పరిశోధన ఎటు తిరిగినా చివరికి ఈ మనిషి దగ్గరికే వస్తుంది. అయినా నాయకత్వ శిక్షణ అనగానే మన కంపెనీలకు గుర్తొచ్చేది రిసార్టులో మేనేజర్లకు పెట్టే రెండు రోజుల వర్క్‌షాపే.

ఆయన ఆ స్థానానికి ఎలా వస్తాడో చూడండి. ఒక దారి ఐటీఐ నుంచి. ఫిట్టర్‌గానో టర్నర్‌గానో చేరి, ఏళ్ల తరబడి మిషన్ మీద చెయ్యి తిరిగాక, ‘రేపట్నుంచి బీ షిఫ్ట్ నువ్వే చూసుకో’ అంటారు. ఇంకో దారి డిప్లొమా నుంచో బీటెక్ నుంచో. ఇరవై రెండేళ్ల కుర్రాడు ట్రైనీగా వచ్చి, తండ్రి వయసున్న ఆపరేటర్లకు పని పురమాయించాలి. మొదటివాడికి పని తెలుసు, దాన్ని ఇంకొకరి చేత చేయించడం తెలియదు. రెండోవాడికి డ్రాయింగ్ తెలుసు, షాప్ ఫ్లోర్ తెలియదు. ఇద్దరి చేతికీ ఇచ్చేది ఒకటే: మనుషుల లిస్టు, ఆ రోజు టార్గెట్.

ఈ స్థితికి పాత చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కర్మాగారంలో ఫోర్‌మన్ చిన్నపాటి రాజు. పనిలో పెట్టుకోవడం, తీసెయ్యడం, చాలాచోట్ల కూలి రేటు కట్టడం కూడా అతని చేతిలోనే. ఫ్రెడరిక్ టేలర్ వచ్చి, ఒక్క మనిషిలో ఇన్ని నేర్పులు ఉండవంటూ ఫోర్‌మన్ పనిని ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది మందికి పంచమన్నాడు. ఎనిమిది మంది ఫోర్‌మన్ల పద్ధతిని అలాగే పాటించినవాళ్లు తక్కువే. కానీ ప్లానింగ్ ఒక ఆఫీసుకు, తనిఖీ ఇంకో ఆఫీసుకు, నియామకాలు మరో ఆఫీసుకు వెళ్లిపోవడం మాత్రం నిలిచిపోయింది. అధికారాలు ఒక్కొక్కటే పోయాయి, జవాబుదారీతనం మాత్రం ఫోర్‌మన్ నెత్తినే మిగిలింది. హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రిట్జ్ రోత్లిస్‌బర్గర్ 1945లో ఫోర్‌మన్ మీద రాసిన వ్యాసం ఈ ఇరకాటం గురించే. పైవాళ్లకు వాళ్లు వినాలనుకున్నది చెప్పాలి, కిందివాళ్లకు వాళ్లు భరించగలిగేలా చెప్పాలి. ఆ వ్యాసం వచ్చి ఎనభై ఏళ్లు దాటినా జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని కదిపితే అదే మాట వినిపిస్తుంది.

రోత్లిస్‌బర్గర్ పేరు పైకి తెచ్చింది హాథార్న్ ప్రయోగాలు. చికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా అవి జరిగాయి. దీపం వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందన్న కథ అందరికీ తెలిసిందే. ఆ ప్రయోగాల మీద విమర్శలు కూడా గట్టివే. రిలేలు బిగించే గదిలో పనిచేసిన ఆరుగురు అమ్మాయిల్లో ఇద్దరిని మధ్యలోనే మార్చేశారని తెలిశాక ఆ ఫలితాలను యథాతథంగా నమ్మడం కష్టం. నా దృష్టిలో అంతకంటే విలువైనది అక్కడ జరిగిన ఇంటర్వ్యూల కార్యక్రమం. ఇరవై వేలమందికి పైగా కార్మికులను కూర్చోబెట్టి వాళ్లు చెప్పేది విన్నారు. వచ్చినదాన్ని సూపర్‌వైజర్ల శిక్షణలో పాఠంగా వాడారు. కార్మికుడు నోరు విప్పితే సూపర్‌వైజర్ నేర్చుకోవాల్సింది దొరుకుతుందని ఒక పెద్ద పరిశ్రమ గుర్తించిన తొలి సందర్భాల్లో అదొకటి.

అసలైన మలుపు యుద్ధకాలంలో వచ్చింది. 1940 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే విభాగాన్ని మొదలుపెట్టింది. పొట్టిగా టీడబ్ల్యూఐ. ఫ్యాక్టరీలకు యుద్ధ ఆర్డర్లు వచ్చి పడుతున్నాయి, పనితెలిసినవాళ్లు చాలడం లేదు. తర్వాత వాళ్లలో ఎందరో సైన్యంలోకి వెళ్లిపోయారు. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు మిషన్ ముఖం చూడని ఆడవాళ్లు, పొలాలు వదిలి వచ్చినవాళ్లు. వాళ్లకు నేర్పాల్సిన ఫోర్‌మన్లు కూడా ఆ కుర్చీకి కొత్తే. చానింగ్ డూలీ, వాల్టర్ డీట్జ్, మైక్ కేన్, విలియం కానోవర్ అనే నలుగురు కలిసి మూడు కోర్సులు తయారు చేశారు: పని నేర్పడం, పని పద్ధతి మెరుగుపరచడం, మనుషులతో మెలగడం. ఒక్కోటి పది గంటలే. రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు, పదిమంది దాకా ఒక గుంపు. ఉపన్యాసాలు లేవు. వచ్చిన ప్రతి ఒక్కరూ తమ షాపులోని సొంత పనిని తెచ్చి అందరి ముందూ చేసి చూపాలి. 1945లో విభాగం మూతపడేనాటికి 16 వేలకు పైగా ఫ్యాక్టరీల్లో 16 లక్షలకు పైగా మంది ఆ కోర్సులు పూర్తి చేశారు.

పని నేర్పే కోర్సులో మొదటి రోజు జరిగేది దగ్గర్నుంచి చూడదగింది. శిక్షకుడు ఒక కరెంటు తీగ పట్టుకుంటాడు. బల్బ్ హోల్డర్‌లోకి వెళ్లే జంట తీగలు లాగినా ఊడిపోకుండా లోపల వేసే ముడి ఒకటుంది, దాన్నే నేర్పుతాడు. ముందు ఒక సూపర్‌వైజర్‌ని పిలిచి, తీగ చూపించకుండా నోటితోనే చెబుతాడు: కుడి తీగను ముందునుంచి ఇలా తిప్పు, ఎడమదాన్ని వెనకనుంచి అలా తియ్యి. ఆయనకు రాదు. ఇంకొకాయన్ని పిలిచి మాట లేకుండా ముడి వేసి చూపిస్తాడు. ఆయనకూ రాదు, ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు మూడో మనిషిని తన పక్కకు రమ్మంటాడు. ఇలాంటి ముడి ఎప్పుడైనా వేశారా అని అడుగుతాడు. ఒక్కో మెట్టూ చెబుతూ చూపిస్తాడు, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాడు, ఎందుకో కూడా చెబుతాడు. తర్వాత ఆయన చేతే వేయిస్తాడు, వేస్తూ కారణాలు చెప్పమంటాడు. ముడి పడుతుంది. ఎన్నేళ్లుగానో ‘ఎన్నిసార్లు చెప్పినా వీడికి ఎక్కదు’ అంటూ వచ్చిన ఫోర్‌మన్లకు, నేర్చుకోలేదంటే నేర్పలేదనే అర్థమని ఆ అరగంటలో తెలిసేది.

ఆ ‘ఎక్కడ జాగ్రత్తపడాలి’ అన్నదాంట్లోనే ఉంది అసలు సంగతి. లేత్ మిషన్ మీద జాబ్‌ని చక్‌లో బిగించాక, చక్ కీ తీసి పక్కన పెట్టాకే స్విచ్ వెయ్యాలి. మరిచిపోతే కీ ఎగిరి మొహానికి తగులుతుంది. ఇరవై ఏళ్ల టర్నర్ ఈ మాట కొత్తవాడికి చెప్పడు. దాచుకోవాలని కాదు, ఆయన చెయ్యి ఆ పని దానంతటదే చేసేస్తుంది కాబట్టి చెప్పాలన్న ఆలోచనే రాదు. బాగా తెలిసినవాడే బాగా నేర్పుతాడనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. తన చేతికి తెలిసినదాన్ని ముక్కలుగా విడదీసి, మాటల్లో పెట్టడం వేరే విద్య. అది కూర్చుని సాధన చేస్తేనే వస్తుంది.

యుద్ధం ముగిశాక అమెరికా ఈ కోర్సులను దాదాపు మరిచిపోయింది. అమెరికా ఆక్రమణ కాలంలో అవి జపాన్‌కు వెళ్లి అక్కడ వేళ్లూనుకున్నాయి. 1950ల తొలినాళ్లలో టయోటా వాటిని తీసుకుంది. టయోటా అసెంబ్లీ లైన్ మీద అయిదు నుంచి ఎనిమిది మందికి ఒక టీమ్ లీడర్ ఉంటాడు, మూడు నాలుగు టీములకు ఒక గ్రూప్ లీడర్. ఆపరేటర్‌కి ఏ తేడా కనిపించినా నెత్తి మీది తాడు లాగుతాడు. పాట మోగుతుంది, బోర్డు మీద ఆ స్టేషన్ నంబర్ వెలుగుతుంది. లైన్ వెంటనే ఆగదు. బండి ఒక గుర్తు దాటేలోగా టీమ్ లీడర్ వచ్చి, సరిచేసి, తాడు మళ్లీ లాగితే సాగిపోతుంది. లేకపోతే గుర్తు దగ్గర ఆగుతుంది. తాడు లాగినవాడిని తిట్టరు. పరుగెత్తుకొచ్చిన లీడర్ మొదట అడిగేది ‘ఏమైంది?’ అని. ఆ ఏర్పాటులో నాయకుడి పని నిఘా కాదు, పిలిస్తే క్షణాల్లో రావడం. నలభై మందికి ఒక్కడుంటే అది సాధ్యం కాదు.

మన దగ్గర చాలా కుట్టు లైన్లలో, ప్యాకింగ్ హాళ్లలో ఒక్క సూపర్‌వైజర్ కింద ముప్ఫై, నలభై మంది ఉండడం మామూలే. అందులోనే హాజరు, మెటీరియల్, పైనుంచి గంటగంటకూ వచ్చే ఫోన్లు. అలాంటి మనిషిని క్లాసుకు పంపి ‘మీ టీముతో మాట్లాడండి, వాళ్ల మాట వినండి’ అని చెబితే, వినడానికి ఆయనకు ఏ గంట ఖాళీగా ఉంది? శిక్షణ సరిపోలేదన్న చోట్ల చాలావరకు సరిపోనిది ఈ లెక్కే.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఉదాహరణ అందరూ చెబుతారు, చెప్పదగిందే. జనరల్ మోటార్స్ ఆ ప్లాంటును 1982లో మూసేసింది. రోజూ అయిదోవంతు మంది పనికి రానంత అధ్వాన్నంగా ఉండేది. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మి’ పేరుతో తెరిచినప్పుడు పాత కార్మికుల్లో అత్యధికులనే, పాత యూనియన్‌తో సహా, తీసుకున్నారు. వందలాది మందిని జపాన్ పంపి టయోటా లైన్ మీద అక్కడివాళ్ల పక్కన నిలబెట్టారు. గైర్హాజరు నూటికి రెండు దాకా దిగింది. మనుషులు వాళ్లే, నడిపే తీరు మారింది. అదే పద్ధతిని తన మిగతా ప్లాంట్లకు తీసుకెళ్లడానికి జనరల్ మోటార్స్ ఏళ్ల తరబడి తంటాలు పడింది. తాడు కట్టినా, లాగితే కోప్పడే మేనేజర్లు అలాగే ఉంటే తాడు తాడుగానే వేలాడుతుంది.

ఈ విషయాన్ని కొలిచి చూపించినవాడు ఎడ్విన్ ఫ్లైష్‌మన్. ట్రాక్టర్లు తయారుచేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన ఫోర్‌మన్లను మానవ సంబంధాల కోర్సుకు పంపేది. కోర్సు అయిన రోజున వాళ్ల ఆలోచనలు మారినట్టే కనిపించాయి. ఫ్లైష్‌మన్ అక్కడితో ఆగకుండా ప్లాంటుకు తిరిగి వెళ్లాక ఏమైందో చూశాడు. కోర్సు చేసినవాళ్లకూ చెయ్యనివాళ్లకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోర్‌మన్ తీరును నిర్ణయించింది అతని పై అధికారి తీరు. పైవాడు మనుషుల్ని పట్టించుకునేవాడైతే ఫోర్‌మన్ కూడా అలాగే ఉన్నాడు, పైవాడు అరిచేవాడైతే ఫోర్‌మన్ నేర్చుకున్నది మూలన పెట్టి అరిచాడు. 1953లో అచ్చయిన ఈ ఫలితం ఈ రంగం మొత్తంలో అతి ముఖ్యమైనదని నా నమ్మకం. కింది మెట్టుకు శిక్షణ ఇచ్చి పై మెట్టును వదిలేసిన ప్రతి కంపెనీ ఆ డబ్బు వృథా చేసుకుంటోంది.

ఫ్లైష్‌మనే 1962లో ఎడ్విన్ హారిస్‌తో కలిసి ఇంకో సంగతి తేల్చాడు. మన షాపుల్లో ‘చనువిస్తే చంకెక్కుతారు’ అనే మాట బలంగా ఉంది. మెత్తగా ఉండాలా, కట్టుదిట్టంగా ఉండాలా అన్నది ప్రతి కొత్త సూపర్‌వైజర్‌కీ ఎదురయ్యే బెంగ. వాళ్లు చూసిన చోట, మనుషుల్ని ఆదరించని ఫోర్‌మన్ల కింద, పని నియమాలు ఎలా ఉన్నా, ఫిర్యాదులు ఎక్కువే. ఆదరించే ఫోర్‌మన్లు మాత్రం పనిలో ఎంత కచ్చితంగా ఉన్నా ఫిర్యాదులు పెద్దగా పెరగలేదు. అంటే రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సిన పనే లేదు. మర్యాదగా మాట్లాడేవాడికే కచ్చితంగా ఉండే హక్కు దక్కుతుంది.

మన దేశంలో ఈ అన్వేషణ కొత్తది కాదు. 1953లో లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లులకు వచ్చాడు. ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగలేదు. 224 మగ్గాలున్న షెడ్డులో పనిని పన్నెండు రకాల ఉద్యోగాలుగా చీల్చారు. ఎవరు ఎవరికి జవాబుదారీయో తెలియదు. రైస్ ప్రతిపాదన చిన్నది: కొన్ని మగ్గాల బాధ్యత మొత్తాన్ని ఒక చిన్న బృందానికి ఇద్దాం. కార్మికులు వెంటనే తమంతట తామే బృందాలు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. నాయకుడు కావాలంటే ముందు అతనికొక జట్టు ఉండాలి, ఆ జట్టుకు తనదని చెప్పుకోదగ్గ పని ఉండాలి.

తెలుగు నేలకూ ఇందులో చోటుంది. దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్లు మొదలైంది హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980లో, ఎస్.ఆర్. ఉడుప చొరవతో. 1962లో జపాన్‌లో కవోరు ఇషికావా ఆధ్వర్యంలో పుట్టిన ఆలోచన అది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది వారానికోసారి కూర్చుని తమ సమస్యను తామే విప్పుకోవడం. రెండేళ్లకు క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది, దాని కేంద్రం సికింద్రాబాద్. హెల్పర్‌గా చేరిన మనిషి నలుగురి ముందు నిలబడి గ్రాఫ్ గీసి కారణం చెప్పడం నేర్చుకునేది ఈ సర్కిళ్లలోనే. చాలాచోట్ల ఇప్పుడవి ఏడాదికోసారి పోటీకి వెళ్లే ప్రెజెంటేషన్లుగా మిగిలిపోవడం బాధ కలిగిస్తుంది. బహుమతి కోసం ఇంజనీరు స్లైడ్లు తయారుచేసి ఆపరేటర్ చేత చదివిస్తే అందులో నేర్చుకున్నది ఎవరు?

ఇటీవలి పరిశోధనల్లో అంకెలు గట్టిగా ఉన్నాయి. నికోలస్ బ్లూమ్ బృందం ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో కొన్నింటికి నిర్వహణ సలహాలు ఇప్పించి, మిగతావాటితో పోల్చి చూసింది. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో ప్రచురించింది. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ నిషాధం మహిళా కార్మికులకు మాట్లాడడం, సమయం సర్దుకోవడం వంటివి నేర్పే కార్యక్రమాన్ని పరీక్షించారు. పెట్టిన ఖర్చుకు కొన్ని రెట్లు కంపెనీకి తిరిగి వచ్చింది.

బంగ్లాదేశ్ గార్మెంట్ పరిశ్రమ మీద జరిగిన అధ్యయనం మనవాళ్లు తప్పక చదవాల్సింది. అప్పటికి కుట్టేవాళ్లలో అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లు, సూపర్‌వైజర్లలో ఇరవై మందిలో ఒకరు. ఎంపిక చేసిన మహిళలకూ పురుషులకూ ఒకే శిక్షణ ఇచ్చి లైన్ల మీదికి పంపారు. మొదట్లో మహిళలు సరిగా చెయ్యలేరనే అందరూ అనుకున్నారు, వాళ్ల కింద పనిచేసేవాళ్లు కూడా. నాలుగు నుంచి ఆరు నెలలు గడిచేసరికి తేడా పోయింది. మొదటి నెల చూసి వెనక్కి దింపేసి ఉంటే ‘ఆడవాళ్ల వల్ల కాదు’ అన్న మాట రుజువైనట్టే మిగిలిపోయేది. వేలమంది మహిళలు కుట్టుపని చేసే అచ్యుతాపురంలోనూ, ఎలక్ట్రానిక్స్ లైన్ల మీద అమ్మాయిలు కూర్చునే శ్రీసిటీలోనూ ఈ ఆర్నెల్ల ఓపిక ఎంత ఉందన్నది అడగాల్సిన ప్రశ్న. ‘మేడమ్ అయ్యావుగా, ఇక మాతో ఎందుకు మాట్లాడతావ్’ అనే నిన్నటి స్నేహితురాళ్లనూ, ‘అక్కా’ అని పిలుస్తూనే చెప్పిన పని చెయ్యని మెకానిక్‌నూ ఎదుర్కోవడం కొత్త సూపర్‌వైజరమ్మకు ఎవరూ నేర్పరు.

నాయకత్వం లేని చోట నష్టం ఉత్పత్తితో ఆగదు. 2012 జూలై 18న మానేసర్ మారుతీ ప్లాంటులో హింస చెలరేగి ఒక హెచ్ఆర్ అధికారి ప్రాణం పోయింది. ఎవరిది తప్పన్నదాని మీద యాజమాన్యం కథనం వేరు, కార్మికుల కథనం వేరు. కానీ రెండు కథనాలూ మొదలయ్యేది ఆ ఉదయం ఒక కార్మికుడికీ ఒక సూపర్‌వైజర్‌కీ మధ్య జరిగిన గొడవతోనే. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. తెల్లవారుజామున ఊళ్లోవాళ్లను లేపాల్సిన సైరన్ మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో రాసింది. రాత్రి షిఫ్టులో బటన్ నొక్కే అధికారం ఎవరిది, నొక్కాక పొరపాటని తేలితే ఆ మనిషిని ఏం చేస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు షిఫ్టులోని చివరి హెల్పర్‌కు కూడా తెలిసి ఉండడమే ప్రమాదకర పరిశ్రమలో నాయకత్వం. ఏమీ అనరన్న ధీమా ఉన్న బృందాలే తప్పులు బయటపెట్టి నేర్చుకుంటాయని ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాల మీద చేసిన పరిశోధన చెప్పింది. ఆ ధీమా పోస్టర్లతో రాదు. చెడు కబురు తెచ్చినవాడితో మేనేజర్ మొదటి నిమిషంలో ఎలా మాట్లాడాడో దాన్నిబట్టే వస్తుంది.

ఇన్ని పరిశోధనలూ దాదాపుగా పట్టించుకోని మనిషి ఒకడున్నాడు. మన వ్యవస్థీకృత ఫ్యాక్టరీల్లో పదిమంది కార్మికుల్లో దాదాపు నలుగురు కాంట్రాక్ట్ వాళ్లు. తెలుగు రాష్ట్రాల పారిశ్రామికవాడల్లో వాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. సూపర్‌వైజర్ తనకొచ్చిన హిందీలో చెబుతాడు, మేస్త్రీ దాన్ని ఇంకో భాషలోకి మారుస్తాడు, మధ్యలో ‘ఎందుకు’ అన్నది రాలిపోతుంది. భాష కంటే పెద్ద అడ్డంకి చట్టం. కాంట్రాక్ట్ నిజమైనదా, పేరుకేనా అన్న వివాదం కోర్టుకెక్కితే, ఆ కార్మికుడు ఎవరి అజమాయిషీలో పనిచేశాడన్నది చూసే ముఖ్యాంశాల్లో ఒకటి. కార్మికుణ్ణి కాపాడడానికి పెట్టిన ఆ పరీక్షే కంపెనీలకు భయం పుట్టించింది. అతనికి నేరుగా పని చెప్పొద్దు, శిక్షణ మీరు ఇవ్వొద్దు, అంతా కాంట్రాక్టర్ ద్వారానే నడిపించండి అని సలహాదార్లు చెబుతారు. ఫలితంగా రియాక్టర్ పక్కన, ప్రెస్ మిషన్ పక్కన నిలబడేవాడికి పని నేర్పే బాధ్యత, ఆ మిషన్ గురించి ఏమీ తెలియని కాంట్రాక్టర్ మీద పడుతుంది. పని నేర్పడం, ప్రమాదం గురించి చెప్పడం అజమాయిషీకి సాక్ష్యంగా లెక్కలోకి రావని చట్టంలోనే ఒక వాక్యం రాయాలి. ఆ మిషన్ తెలిసిన సూపర్‌వైజర్ చేతే, కార్మికుడికి అర్థమయ్యే భాషలో నేర్పించి, నేర్చుకున్నాడని చూసుకున్నాకే అతణ్ణి లైన్ మీద నిలబెట్టాలన్న నియమం కూడా ఆ వాక్యం పక్కనే ఉండాలి.